మా బావ తెరలు, మా ఆయన ఫోటోలు

మా అమ్మాయి సినిమాల చదువు చదివి వచ్చి, మొట్టమొదట తీస్తానన్న సినిమా మా బావ మీద. పాటలూ ఫైట్లూ ఉండే సినిమా కాదు, డాక్యుమెంటరీ. ఒక చిత్రకారుడి జీవితం, ఆయన పని. ఆ మాట విని నేను చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేసి, "ఏ చిత్రకారుడే?" అన్నాను.

"ఇంకెవరమ్మా, పెదనాన్నే."

నాకు నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాను. అది మొహం గంటు పెట్టుకుని కూర్చుంది. నవ్వకేం చేస్తాను చెప్పండి? మా బావ, అంటే మా అక్క మొగుడు, ఫోటో స్టూడియోలో మనుషుల వెనక వేలాడే తెరలు వేసేవాడు. తోటలు, మెట్లు, కిటికీలు, సముద్రాలు. ఊళ్ళో అందరికీ తెరలాయన. చిత్రకారుడన్న పెద్ద మాట ఆయనకు తగిలించినవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు.

"నువ్వు నవ్వినా ఏడ్చినా నేను మాటిచ్చేశాను" అంది మా అమ్మాయి. ఇలాంటి సినిమాలు తీయించే సంస్థ ఒకటి కొత్తవాళ్ళలో ఒక్కరికి అవకాశమిస్తుందట. దాని పెద్దావిడ చిత్రకారుల మీద సినిమా కావాలందట. ఇది ఊరుకుంటుందా? మా ఇంట్లోనే ఒకాయన ఉన్నాడని గొప్పలు పోయి వచ్చింది. గొప్పలు పోవడం దానికి వాళ్ళ నాన్న దగ్గర నుంచి వచ్చింది. నా వైపు నుంచి నోరు వచ్చింది. రెండూ కలిస్తే ఇంక అడ్డేముంది!

అసలు మా బావ సంగతి చెప్పాలి. స్టూడియో మా నాన్నది. బజారు వీధిలో చెప్పుల దుకాణం పక్కనుంచి మెట్లెక్కి వెళ్ళాలి. ముందు గదిలో కౌంటరు, దాని వెనక నేను. లోపల లైట్లూ కెమెరా ఉన్న పెద్ద గది. ఆ పక్కన ప్రింట్లు కడిగే చీకటి గది, దాంట్లోంచి ఎప్పుడూ పుల్లటి మందు వాసన వచ్చేది. మా బావ ఆ స్టూడియోకి బోర్డు రాయడానికి వచ్చాడు. నిచ్చెనెక్కి అక్షరాలు రాసేసి, రంగు మిగిలిందని ఒక మూల చిన్న పూలకుండీ వేశాడు. మా నాన్న కింద నిలబడి ఆ కుండీ వంక చూసి, "ఏమయ్యా, తెర వేయగలవా?" అని అడిగాడు. వేస్తానండీ అన్నాడు బావ. అప్పటికి ఆయన అలాంటి తెర కళ్ళతో చూసింది లేదు. మా అక్క మాత్రం ఆ నిచ్చెన మీద మనిషిని కిటికీలోంచి బాగానే చూసిందట. మొదటి తెర ఆరేలోపలే పెళ్ళి మాటలు మొదలయ్యాయి.

ఆ పని చూస్తే మీకు తెలిసేది. గోడకి గోడంత గుడ్డ బిగించి, జిగురు కలిపిన సున్నపు రంగులతో వేయాలి. నూనె రంగులు పనికిరావు, లైటు పడితే మెరుస్తాయి. దగ్గర నుంచి చూస్తే అంతా మరకలే. కెమెరా ఉన్న చోట నిలబడి చూస్తేనే అది తోట. అందుకని బావ నాలుగు గీతలు గీసి, పరుగున కెమెరా దగ్గరికి వచ్చి, తల వాల్చి చూసి, మళ్ళీ పరుగున గోడ దగ్గరికి పోయేవాడు. పొద్దస్తమానం ఇదే. ఆయన బొమ్మలు వేస్తూ గడిపిన కాలం కంటే ఆ గదిలో నడిచిన కాలమే ఎక్కువ. అప్పట్లో ఫోటోలు నలుపూ తెలుపే కాబట్టి రంగులు కూడా నలుపు, తెలుపు, మధ్యలో బూడిద. కెమెరాకి కనపడని ఆకుపచ్చ ఎందుకు దండగ అనేవాడు. ఇంటికి వస్తే మనిషి పొయ్యిలోంచి లేచొచ్చినట్టు ఉండేవాడు, అక్క గుమ్మంలోనే ఆపి నీళ్ళు పోసేది.

ఇంకో మెలిక ఉంది. తెర మధ్యలో ఏమీ వేయకూడదు. అక్కడ మనుషులు నిలబడతారు. మొదట్లో ఒకసారి తెలియక మధ్యలో దీపస్తంభం వేశాడు. బ్యాంకు మేనేజరుగారు వచ్చి ఫోటో దిగితే, ఆయన నెత్తిలోంచి స్తంభం మొలిచింది. ఆయన మళ్ళీ మా మెట్లెక్కలేదు. అప్పటి నుంచి బావ అందాలన్నీ అంచులకి తోసేసి, మధ్యలో మంచు కప్పేవాడు. అంచుల్లో మాత్రం ప్రాణం పెట్టేవాడు. కిటికీ వేస్తే గడియతో సహా వేసేవాడు. ఒక పెద్దావిడ ఆ తెరలో ఉన్న బల్ల మీద తన చేతిసంచీ పెట్టబోయి కింద పడేసింది. ఆ రోజు బావకి ఏనుగెక్కినంత సంబరం.

తర్వాత ఆ స్టూడియోకి కెమెరా పనికి వచ్చినవాడు మా ఆయన. నాన్న రెండో అల్లుడు. పనిమంతుడే, కాదనను. కానీ కోపం ముక్కు మీదే ఉంటుంది, గొప్ప నాలుక మీదే ఉంటుంది. "ఈ చేతిలో ఒక్క ఫోటో చెడలేదు" అని వినేవాళ్ళు దొరికినప్పుడల్లా చెప్పుకునేవాడు. బావకి ఒకటే బాధ. అప్పుడప్పుడూ కౌంటరు దగ్గర నిలబడి, "ఏమయ్యా, కాస్త వెనక ఉన్నది కూడా కనపడేలా తీయకూడదూ?" అనేవాడు. మా ఆయన తల కూడా ఎత్తకుండా, "జనం వచ్చేది వాళ్ళ మొహాల కోసం అన్నయ్యా. మీ తెర ఎవడు చూస్తాడు?" అనేవాడు. తోడల్లుళ్ళిద్దరికీ ఇది రోజూ ఉండేదే. బావ నోట్లో నాలుక లేని మనిషి, నవ్వేసి వెళ్ళిపోయేవాడు.

సినిమా మొదలైంది. మా అమ్మాయి బావని కుర్చీలో కూర్చోబెట్టి, లైటు వేసి, కెమెరా పెట్టింది. అంతే, బావకి ఉలుకూ లేదు పలుకూ లేదు. జీవితమంతా కెమెరా ముందు జనాన్ని చూసినవాడు, తన వంతు వచ్చేసరికి కొయ్యబారిపోయాడు.

"పెదనాన్నా, మీరు కొత్త బొమ్మ ఎందుకు వేసేవారు? లోపల నుంచి ఏం తోచేది?"

బావ చాలాసేపు ఆలోచించాడు. "పాతది మాసిపోయేది కదమ్మా" అన్నాడు.

పక్క నుంచి మా అక్క అందుకుంది. "ఆయన్నేం అడుగుతావే, నన్నడుగు!" అని, పెళ్ళి నాటి నుంచి మోకాలి నొప్పి దాకా ఏకధాటిగా చెప్పింది. ఆవిణ్ణి ఆపడానికి మా అమ్మాయి తల ప్రాణం తోకకొచ్చింది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. తీసినంతవరకూ చూసి ఆ పెద్దావిడ ఫోన్ చేసింది. మనిషి ముద్దొస్తున్నాడు, ఆయన భార్య ఇంకా ముద్దొస్తోంది, మరి బొమ్మలేవి అని అడిగింది. బొమ్మలు కనపడకుండా చిత్రకారుడి సినిమా ఏమిటంది. నెలాఖరులోగా ఆయన జీవితంలో వేసిన పని చూపించకపోతే అవకాశం ఇంకొకరికి ఇచ్చేస్తానంది. ఇంకొకాయనెవరో గదుల నిండా బొమ్మలున్నవాడు ఉన్నాడట.

అప్పుడు గాని మా అమ్మాయికి తట్టలేదు, బావ వేసినవాటిలో ఒక్కటీ మిగల్లేదని. ఎలా మిగులుతాయి? గుడ్డ ఒక్కటే. జనానికి తోట మొహం మొత్తగానే దాని మీదే సముద్రం. సముద్రం పాతబడగానే దాని మీద మేడమెట్లు. పొరలు మందమై పెచ్చులూడితే గుడ్డంతా నానబెట్టి కడిగి మళ్ళీ మొదలు. కంప్యూటర్లు వచ్చి తెరల అవసరం పోయాక, ఆఖరి తెర చుట్టి బావ ఇంట్లో మంచం కింద పెట్టుకున్నాడు.

"పెద్దమ్మా, ఆ ఆఖరిది ఎక్కడుంది?" అని మా అమ్మాయి ఆశగా అడిగింది.

"ఎక్కడుండటమేమిటే, మీ పెదనాన్న దాని మీదే కూర్చున్నాడు. శుభ్రంగా రంగంతా పోయేదాకా ఉతికి పరుపుకి గలీబు కుట్టాను. చూడు ఎంత తెల్లగా వచ్చిందో!" అంది అక్క గర్వంగా.

మా అమ్మాయి నెత్తి పట్టుకుంది. కొత్తది వేయమందామంటే బావ కుడి భుజం పైకి లేవదు. జేబులోంచి కళ్ళజోడు తీయడానికే ఎడమ చెయ్యి సాయం పట్టాలి.

ఆ వారం నుంచి బావ మనిషే మారిపోయాడు. పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మా అమ్మాయి పిలుస్తుందేమోనని గుమ్మంలో కూర్చునేవాడు. చిత్రకారుడన్న మాట ఆయనకి లోపలెక్కడో తగిలింది. మొదట నవ్వినదాన్ని నేనే కదా, ఇప్పుడు ఆ గుమ్మంలో ఆయన్ని చూస్తుంటే ఈ సినిమా ఆగిపోకూడదని నాకు గట్టి పట్టుదల వచ్చింది. మా అమ్మాయి కోసం ఎంతో, ఆయన కోసం అంతకంటే ఎక్కువ.

ఉపాయం నాకే తోచింది. తెరలు పోతేనేం, వాటి ముందు దిగిన ఫోటోలు ఊరంతా ఉన్నాయి కదా! మా స్టూడియోలో దిగిన పాత ఫోటోలు పట్టుకు రండి, సినిమాకి కావాలి అని కబురు పెట్టాం. సినిమాకి అన్న మాట ఒక్కటే అందరి చెవులకీ ఎక్కింది. తెల్లారేసరికి మెట్ల మీద జనం. అందరూ తయారై వచ్చారు! రిటైరైన పోస్టుమాస్టరుగారు జుట్టుకి నల్లరంగు వేసుకుని, భార్య భుజం మీద చెయ్యి వేసి, పెళ్ళి ఫోటోలో నిలబడ్డట్టే నిలబడ్డాడు. "ఇలాగే కదమ్మా, ఎటు చూడమంటావు?" అంటాడు. ఎదురింటి కుట్టుపనావిడ పసిపాపగా దిగిన ఫోటో తెచ్చి, అందులోలాగే కిందకూర్చుని బొటనవేలు నోట్లో పెట్టుకుంది. మా అక్క అందరికీ టీలు పోసింది. నేను కడుపుబ్బ నవ్వాను. అంత సందడి ఆ మెట్లు చూసి ఎన్నాళ్ళయిందో!

ఫోటోలన్నీ బల్ల మీద పరిచి మా అమ్మాయి భూతద్దం పెట్టి చూడటం మొదలెట్టింది. చూస్తుంటే చూస్తుంటే దాని మొహం వాడిపోయింది. ఒక్కదాంట్లోనూ చెట్టు చెట్టులా లేదు. మొహాలు మాత్రం కనుబొమ్మల వెంట్రుకలతో సహా స్పష్టంగా ఉన్నాయి. వెనక అంతా పొగ. తోటో, సముద్రమో, మేడో ఎవరికీ తెలీదు.

సరిగ్గా అప్పుడే మా ఆయన వచ్చి ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. "చూశావా తల్లీ, వెనక మసక ఎంత మెత్తగా తెప్పించానో! ఇప్పుడు ఫోన్లు దొంగలెక్కలేసి చేసే పని, అప్పుడు నేను చేత్తో చేశాను."

బావ ఒక ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. దగ్గర పెట్టుకుని చూశాడు, దూరంగా పట్టుకుని చూశాడు. "ఇది మెట్ల తెరా, కిటికీ తెరా?" అని మెల్లగా అడిగాడు. తను వేసింది తనకే ఆనవాలు దొరకలేదు. "బాగానే ఉన్నాయిలే" అని ఫోటో బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

నా మనసు చివుక్కుమంది. ఆ వెంటనే అరికాలి మంట నెత్తికెక్కింది. నాకు కోపమొస్తే ఇల్లు శుభ్రమవుతుంది, అది మా వీధంతా ఎరిగిన సంగతే. ఇంటికి వచ్చి వంటింటి అలమర మీద పడ్డాను. ఉప్పు డబ్బా, పంచదార డబ్బా, అన్నీ ధనధనా కింద పెట్టాను. అరల్లో పరిచిన అట్టల్లాంటి కాగితాలు నూనె పట్టి ఉన్నాయి. అవి స్టూడియోలో పనికిరాని ప్రింట్లు. మా ఆయన టెస్టు కాగితాలని చెప్పి కట్టలు కట్టి పారేస్తుంటే, మందంగా ఉన్నాయి, తడిగుడ్డతో తుడిస్తే చాలు అని నేనే తెచ్చుకుని తెల్లవైపు పైకి వచ్చేలా పరిచేదాన్ని. అక్క బట్టల బీరువాలో కూడా అవే. ఒకటి అంటుకుపోతే గోటితో లేపి, చించి పారేద్దామని తిప్పాను.

తిప్పి, అలాగే నిలబడిపోయాను.

మేడమెట్లు! ఒక్కొక్క మెట్టూ లెక్కపెట్టొచ్చు. పక్కన తీగ, తీగ మీద మొగ్గలు, ఒక మొగ్గని చీమ ఎక్కుతోంది. చీమండీ! తెర మీద చీమ వేశాడు ఆ మనిషి, ఎవరు చూస్తారని వేశాడో! మధ్యలో మాత్రం తెల్లగా ఒక మరక, నల్లగా ఒక మరక. అవి పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ. వాళ్ళకి కళ్ళూ లేవు ముక్కూ లేదు. కెమెరా చూపు మనుషుల్ని వదిలేసి తెర మీద పడింది.

ఇంకోటి తిప్పాను. తోట. ఇంకోటి, సముద్రం. అరలన్నీ పీకేశాను. "అమ్మాయ్!" అని నేను వేసిన కేక చెప్పుల దుకాణం దాకా వినపడి ఉంటుంది. అది పరుగెత్తుకొచ్చింది. ఇద్దరం అక్క ఇంటికి పరుగెత్తి, బీరువాలో బట్టలన్నీ మంచం మీద కుమ్మరించి అవీ లాగాం. బావ ఇంకా ఇల్లు చేరలేదు. అక్క తిడుతూనే ఉంది, మేం లాగుతూనే ఉన్నాం. కొన్ని చిరిగాయి, కొన్ని నూనెకి పసుపెక్కాయి. అయినా అన్నీ మా ఇంటికి తెచ్చి పరిస్తే ముందు గది నేల నిండిపోయింది. బావ పనంతా అక్కడుంది. మా అమ్మాయి నా మెడ పట్టుకుని గిరగిరా తిప్పింది, నాకు కళ్ళు తిరిగి కూలబడ్డాను.

మా ఆయన వచ్చి గుమ్మంలో ఆగాడు. నేల మీద చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అవి టెస్టు కాగితాలు" అన్నాడు.

"టెస్టు కాగితం మీద పెళ్ళికొడుకెందుకు నాన్నా?" అంది మా అమ్మాయి.

మా ఆయన గొంతు పెంచాడు. "అవి సినిమాలో పెట్టడానికి వీల్లేదు. ఈ ఊళ్ళో నా ఫోటో చెడిందని వేలెత్తి చూపినవాడు లేడు. ఇప్పుడు నా కూతురే ఊరందరికీ తెర కట్టి చూపిస్తుందా?" అని, గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. అన్నానికి కూడా రాలేదు.

నేను ఊరుకుంటానా? తలుపు బయట నిలబడి ఆ పూటకి సరిపడా అన్నాను. "పరువట, పరువు! మీ పరువు పంచదార డబ్బా కింద ఇన్నేళ్ళు పడుకుంది, ఎవరికేం నష్టమొచ్చింది?" మా అమ్మాయి వచ్చి నా చెయ్యి పట్టుకుని లాగింది. "వద్దమ్మా. నాన్న ఒప్పుకోకపోతే నేను పెట్టను. అవి నాన్న ఫోటోలు."

బావకి చెబితే ఆయనా అదే పాట. "వద్దు మరదలా. వాడు తలెత్తుకు తిరిగినవాడు. వాడి పనికి మచ్చ తెచ్చి నా పని చూపించుకుంటానా? సినిమా పోతే పోయింది." నేను విన్నంతవరకూ మా బావ ఒకేసారి మాట్లాడిన మాటల్లో అదే పెద్దది. చెప్పి, వేసుకున్న ఇస్త్రీ చొక్కా విప్పి వంకెకి తగిలించాడు. ఆ చొక్కా వంక చూస్తే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

గడువు ముందరి రోజు పొద్దున్న మా అమ్మాయి స్టూడియోలో లైట్లు విప్పి సర్దుకుంటోంది. నేనూ అక్కా తీగలు చుడుతున్నాం. బావ సాయం వచ్చాడు గాని భుజం వల్ల ఏం చేయలేక కుర్చీలో కూర్చున్నాడు. మెట్ల మీద అడుగులు వినపడ్డాయి.

మా ఆయన. నున్నగా గడ్డం గీసుకున్నాడు. చంకలో ఆ కాగితాల కట్ట. ఎవరి వంకా చూడకుండా ఇంకో కుర్చీ లాక్కుని బావ పక్కన కూర్చున్నాడు.

"కెమెరా పెట్టు" అన్నాడు కూతురితో. అది బిత్తరపోయి చూస్తుంటే, "నిన్నే! ఫోకస్ సరిగ్గా చూసుకో. మొహాల మీద ఉండాలి" అన్నాడు.

అది గబగబా కెమెరా పెట్టింది. మా ఆయన కట్ట విప్పి, మొదటి కాగితం గుండెల దగ్గర పట్టుకున్నాడు. "ఇవి టెస్టు కాగితాలు కావు. నేను చెడగొట్టిన ఫోటోలు. బల్బు పేలింది, మళ్ళీ రండి అని మా ఆవిడ చేత కౌంటర్లో చెప్పించేవాణ్ణి. బల్బులేవీ పేలలేదు."

నేను నోరు తెరిచాను. అక్క నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎలా చెడ్డాయి నాన్నా?" అని మెల్లగా అడిగింది మా అమ్మాయి.

"అప్పటి కెమెరాకి నల్లగుడ్డలో తల దూర్చి చూడాలి. వెనక అద్దం మీద బొమ్మ తలకిందులుగా కనపడుతుంది. ముందు మనుషుల కళ్ళు చూసుకుని, అవి స్పష్టంగా వచ్చేదాకా తిప్పాలి. అది నాకు రాక కాదు. కానీ అన్నయ్య కొత్త తెర కట్టిన రోజున..." ఆగాడు. "కొత్త తెర కట్టిన రోజున గుడ్డలో తల పెట్టగానే నాకు తెరే కనపడేది. ఆకులు కనపడాలి, ఇంకా కనపడాలి అని తిప్పుతూ పోయేవాణ్ణి. ఆ మెట్ల పక్కన చీమ ఉంటుంది చూడండి, అది కదులుతుందేమో అని చూస్తూ ఉండిపోయాను. ముందు మనుషులున్నారన్న సంగతే మరిచిపోయేవాణ్ణి. వాళ్ళు ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళు, నేను తెర చూస్తూ నొక్కేసేవాణ్ణి. ప్రతి కొత్త తెరకీ ఇదే. అలవాటు పడ్డాక గాని దారిలో పడేవాణ్ణి కాదు."

బావ కుర్చీలో మొత్తం మా ఆయన వైపు తిరిగాడు.

"మరి మీ తెర ఎవడు చూస్తాడు అనేవాడివిగా?"

"అనక చావాలా? మీ తెర చూస్తూ ఫోటోలు తగలేశానని మామయ్యగారితో చెబితే పిల్లనిచ్చేవాడా? ఇచ్చాక మాత్రం పనిలో ఉంచేవాడా?" అన్నాడు మా ఆయన. కళ్ళు తుడుచుకుంటున్నాడు, తుడుచుకుంటూనే కోప్పడుతున్నాడు. "చూసినవాణ్ణి నేనొక్కణ్ణి ఉన్నానన్నయ్యా. చూశాను. ప్రతిదీ చూశాను."

బావ ఎడమ చేత్తో కాగితాలు తిరగేసి ఒకటి పైకి తీశాడు. సముద్రం, ఒడ్డున పడవ. దాన్ని మా ఆయన ఒళ్ళో పెట్టి, బడిపిల్లాడు పలక చూపించినట్టు చూపించి, "ఎలా ఉంది?" అని అడిగాడు. ఎంత చిన్న గొంతో! ఎంత కాలం దాచుకున్న ప్రశ్నో అది!

మా ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "పడవ కాస్త పెద్దదైంది" అన్నాడు.

నేను నుదురు కొట్టుకున్నాను. ఈ మనిషికి ఈ పూటైనా నోరు కట్టుకోవడం రాదా అనుకున్నాను. కానీ బావ మొహం చూడాలి! దీపం వెలిగించినట్టు వెలిగిపోయింది. తొడ చరిచాడు. "నాకూ కట్టిన రోజే అనిపించిందయ్యా! ఎవరైనా అంటారేమో అని చూశాను, ఒక్కరూ అనలేదు!"

"ఎవరంటారు, వాళ్ళంతా కెమెరా వంక చూస్తుంటే! పడవ పెద్దదైతేనేం, ఈ అల చూడండి. ఈ అల విరిగే చోట తెల్లరంగు ఎలా వదిలారు? నాకు అప్పట్నుంచీ అడగాలని."

"అది వేసింది కాదయ్యా, అక్కడ గుడ్డ అలాగే వదిలేశాను!"

"వదిలేశారా! ఓర్నీ!"

ఇక వాళ్ళిద్దరినీ ఆపేదెవరు? ఒక్కొక్క కాగితం తీయడం, ఈ ఆకు అలా ఎందుకుంది, ఆ గడియ నీడ ఇటెందుకు పడింది అని ఒకరి మీద ఒకరు పడి మాట్లాడుకోవడం. నోట్లో నాలుక లేదన్న మా బావ మా అక్కకి కూడా సందివ్వకుండా మాట్లాడాడు. మా అమ్మాయి కెమెరా వెనక చొక్కా చేత్తో మొహం తుడుచుకుంటోంది. నేను పైకి నవ్వేస్తుంటే, శబ్దం పాడవుతుందని నా కాలు తొక్కింది.

ఆ పెద్దావిడ అది చూసి మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి ప్రశ్నలేం లేవు. ఇంకేమీ తీయొద్దు, ఆ ఇద్దరినీ అలాగే ఉంచు, ఆ కాగితాలు ఒక్కొక్కటీ తెర నిండా చూపించు అంది.

అలాగే చూపించింది మా అమ్మాయి. ఊళ్ళో పెద్ద హాల్లో వేశారు. జనం కిటకిటలాడారు. మసకబారిన మనుషుల్ని చూసి ఒకాయన "అది నేనే! ఆ ఎడం పక్క మరక నేనే!" అని లేచి అరిచాడు. హాలంతా నవ్వింది. మా ఆయన చెడగొట్టాడని వేలెత్తి చూపినవాడు ఒక్కడూ లేడు. ఎవరి మరక ఏదో వెతుక్కునే సందట్లో పడ్డారు.

తర్వాత సముద్రం వచ్చింది. బావ వేసిన గుడ్డ కంటే ఎన్నో రెట్లు పెద్దగా, ఆ గోడ నుంచి ఈ గోడ దాకా. నవ్వులు వాటంతటవే ఆగిపోయాయి. బావ నాకూ మా ఆయనకీ మధ్య కూర్చున్నాడు. ముందుకు వంగి, తల ఒక పక్కకి వాల్చి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా చెవి దగ్గరికి వంగాడు.

"మరదలా, బాగానే వేశానే!" అన్నాడు ఆశ్చర్యంగా.

"బాగా వేశావు బావా" అన్నాను. నేను ఆ మాట ఆయనతో అనడం అదే మొదటిసారి.